లైబ్రరీలో చెప్పింది ఎంత నిలిచింది? ఎలా తెలుస్తుంది?

కర్ణాటకలో బళ్ళారి జిల్లా ఇనుప గనుల దగ్గరి దోణిమలై టౌన్‌షిప్ నుంచి ఒక తల్లి అడిగారు: “మా అబ్బాయి యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలోనే అందరినీ లైబ్రరీకి తీసుకెళ్ళి గంటసేపు అన్నీ చూపించారట. నెల తిరిగాక, ఏం చెప్పారురా అంటే ‘ఏదో చెప్పారమ్మా’ అంటున్నాడు. పిల్లల బుర్రలో ఎంత నిలిచిందో ఆ చెప్పినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? తెలియకుండానే ఏటా చెబుతూ పోతారా?”

ఈ ప్రశ్న లైబ్రేరియన్లను కూడా చాలాకాలంగా వేధిస్తున్నదే. ముందు ఆ గంటలో ఏం జరుగుతుందో చూద్దాం. కార్డు ఎలా తీసుకోవాలి, ఒకసారి ఎన్ని పుస్తకాలు ఇస్తారు, గడువు దాటితే జరిమానా ఎంత, ఓపాక్ (పుస్తకాల కంప్యూటర్ జాబితా)లో ఎలా వెతకాలి, బీరువాల మీద అంకెలకు అర్థమేమిటి, పీహెచ్‌డీ గ్రంథాలు దొరికే శోధ్‌గంగా ఎలా తెరవాలి, ఇంటి నుంచి పత్రికలు చదవడానికి పాస్‌వర్డ్ ఎవరిస్తారు. ఇన్నీ ఒక్క గంటలో. వింటున్న పిల్లవాడికి ఇంకా హాస్టల్ గది దారే సరిగ్గా తెలియదు. ఆ రోజు అతనికి ఏ పుస్తకమూ అవసరం లేదు.

మరుపుకు అసలు కారణం ఇక్కడే ఉంది. అవసరం పడని మాటకు మనసులో పట్టు దొరకదు. విన్నది అప్పటికప్పుడు అర్థమైనా, మళ్ళీ ఎక్కడా వాడకపోతే జారిపోతుంది. ఎంత వేగంగా జారిపోతుందో కొలిచి చూసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, తన మరుపును తానే కొలుచుకుని, 1885లో పుస్తకం వేశాడు. ఆయన కొలిచిన పద్ధతిని కాస్త నెమ్మదిగా అర్థం చేసుకోవాలి. “ఎన్ని గుర్తున్నాయి?” అని ఆయన లెక్కపెట్టలేదు. మర్చిపోయిన జాబితాను మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారికన్నా ఎంత తక్కువ సమయం పట్టిందో చూశాడు. గంట తర్వాత మళ్ళీ నేర్చుకుంటే సుమారు 44 శాతం శ్రమ ఆదా అయింది. ఒక రోజు తర్వాత 34 శాతం, నెల తర్వాత 21 శాతం ఆదా అయింది.

ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి. మరుపు మొదటి గంటలో, మొదటి రోజులో విరుచుకుపడుతుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. రెండోది ఈ తల్లికి ఊరటనిచ్చేది. నెల తర్వాత కూడా ఆ ఆదా సున్నా కాలేదు. “ఏదో చెప్పారు” అనే కుర్రవాడికి రెండోసారి చూపిస్తే, అసలు విననివాడికన్నా త్వరగా పట్టుకుంటాడు. అర్థం లేని అక్షరాలకే అంత మిగిలిందంటే, అర్థమున్న విషయం ఇంకాస్త ఎక్కువగానే నిలవాలి. కాబట్టి నోటితో చెప్పలేకపోవడం, పూర్తిగా పోవడం ఒకటి కావు.

ఇక ఎలా కొలవాలన్నది చూద్దాం. చాలాచోట్ల గంట ముగియగానే తలుపు దగ్గర ఒక కాగితం ఇస్తారు. కార్యక్రమం బాగుందా, ఉపయోగపడిందా, ఇప్పుడు ధైర్యంగా వెతకగలవా అని అడుగుతారు. పిల్లలు బాగుందనే టిక్కు పెడతారు. మర్యాద కోసమే కాదు, నిజంగానే బాగుందనిపిస్తుంది. కానీ అది ఆ క్షణపు సంతృప్తిని చెబుతుంది. నిలవడం గురించి ఏమీ చెప్పదు. దోణిమలైలో ఉన్నవారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. ఇనుప ఖనిజం లోడు చేసేటప్పుడు శాంపిల్ తీస్తారు, దిగిన చోట మళ్ళీ తీస్తారు. దారిలో ఏమైందో మొదటి శాంపిల్‌ను ఎంత పరీక్షించినా తెలియదు.

‘వెతకగలను’ అనే ఆ ధైర్యాన్ని నమ్మకూడదనడానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని పదేపదే చదివారు. మరికొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదేపదే చదివినవారు ముందున్నారు. వారం తర్వాత పెడితే మూసి రాసినవారు ముందుకొచ్చారు. అంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, తమకు ఎక్కువ గుర్తుంటుందని గట్టిగా నమ్మినవారు పదేపదే చదివినవారే. వెంటనే కొలిస్తే ఫలితం తలకిందులుగా కనిపిస్తుందన్నమాట. అందుకే నా దృష్టిలో తలుపు దగ్గరి కాగితం కుర్చీలు సరిపోయాయా, మాట వినిపించిందా అని తెలుసుకోవడానికే పనికొస్తుంది.

మరి నెల తర్వాత ప్రశ్నపత్రం ఇస్తే? అది మెరుగే. అయితే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే, ఏమీ తెలియనివాడికి కూడా ఇరవై ప్రశ్నల్లో సగటున ఐదు కలిసొస్తాయి. అందుకే ముందూ వెనకా రెండుసార్లు అడగాలి. తరగతికి ముందు ఎనిమిది, నెల తర్వాత పన్నెండు వచ్చాయంటే కొంత పెరిగినట్టే. ఆ పెరుగుదల కూడా అంతా లైబ్రరీ గంట వల్లేనా? మధ్యలో సీనియర్లు చెప్పి ఉండవచ్చు. దాన్ని విడదీయడానికి తేలికైన దారి ఒకటుంది. రెండు సెక్షన్లుంటే ఒక సెక్షన్‌కు ఇప్పుడు, రెండోదానికి నెల తర్వాత తరగతి పెట్టాలి. రెండో సెక్షన్‌కు చెప్పబోయే ముందు రెండిటికీ ఒకే ప్రశ్నలివ్వాలి. ఎవరికీ అన్యాయం జరగదు, తేడా తేటతెల్లమవుతుంది.

అయినా ప్రశ్నపత్రానికి ఒక హద్దుంది. జవాబు ఎదురుగా ఉంటే గుర్తుపట్టడం సులువు. లైబ్రరీలో ఎవరూ నాలుగు జవాబులు పరచి పెట్టరు. అందువల్ల మంచి కొలత అంటే, ఒక పని ఇచ్చి చూడటమే. అదే జిల్లాలో సండూరు దగ్గర నందిహళ్ళిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉంది. అక్కడ మినరల్ ప్రాసెసింగ్ (ఖనిజ శుద్ధి) చదివే విద్యార్థిని ఊహించుకోండి. లైబ్రరీ తరగతి అయిన నెలకు అతనికి ఒక చీటీ ఇస్తారు: “ఈ ప్రాంతపు తక్కువ రకం ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేయడంపై రెండు పీహెచ్‌డీ గ్రంథాలు వెతుకు. ఎక్కడ వెతికావు, ఏ మాటలతో వెతికావు, కనిపించినవాటిలో ఏది ఎందుకు వదిలేశావు, నాలుగైదు వాక్యాల్లో రాయి.”

ఆ నాలుగైదు వాక్యాలు ఎంత చెబుతాయో చూడండి. ఒకడు గూగుల్‌లో కొట్టి మొదట వచ్చింది రాస్తాడు. ఇంకొకడు శోధ్‌గంగాకు వెళ్తాడు, దారి గుర్తుందన్నమాట. అక్కడ జిల్లా పేరును ఇంగ్లిషులో ఇప్పుడు రాసేటట్టు ‘బళ్ళారి’ అని కొడతాడు, కొన్నే వస్తాయి. జిల్లా పేరు స్పెల్లింగు అధికారికంగా మారింది 2014 నవంబరు 1న. అంతకుముందు ఇంగ్లిషులో వచ్చిన పరిశోధనల్లో ఉండేది పాత ‘బెల్లారీ’యే. మూడోవాడు రెండు విధాలుగానూ వెతుకుతాడు, ‘సండూరు’, ‘హెమటైట్’ అని కూడా కొట్టి చూస్తాడు. ఒక మాటతో దొరకకపోతే మాట మార్చి వెతకాలన్నది అతని చేతికి వచ్చేసింది. ఆ మాట లైబ్రేరియన్ చెప్పిన రోజు అతనికి గుర్తుండకపోవచ్చు. ఆమె పేరూ గుర్తుండకపోవచ్చు. నిలవడమంటే ఇదే.

ఇలాంటి జవాబులకు మార్కులు వేయడం శ్రమే. సరైన చోట వెతికాడా, మాటలు మార్చాడా, వదిలేసినదానికి కారణం చెప్పాడా అని ముందే మూడు గీటురాళ్ళు రాసుకోవాలి. కొన్ని కాగితాలనైనా ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఇద్దరి మార్కులూ దగ్గరగా ఉంటేనే కొలత నమ్మదగ్గది. వందమందివీ దిద్దక్కర్లేదు, వరస చూడకుండా తీసిన ముప్పై చాలు. కాగితం మీద పేరు లేకపోతే మరీ మంచిది. ఇక్కడ పరీక్ష ఆ గంట బోధనకే.

ఈ ప్రాంతంలో భాష సంగతి కూడా మరవకూడదు. దోణిమలై ఇనుప గనిని నడిపే ఎన్‌ఎండీసీ సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, లైబ్రరీలో ఇంగ్లిషు. జవాబు ఇంగ్లిషులోనే రాయమంటే, వెతకడం వచ్చి వాక్యం రాని పిల్ల ఏమీ గుర్తులేనిదానిలా కనిపిస్తుంది. అది ఇంగ్లిషును కొలిచినట్టు. తెలుగులోనో కన్నడంలోనో, ఏ భాషలోనైనా రాయనివ్వాలి. ఇది చిన్న సవరణగా కనిపిస్తుంది కానీ, దీన్ని నేను అన్నిటికన్నా ముందు పెడతాను.

సెమిస్టరు చివరి ప్రాజెక్టు రిపోర్టుల వెనక ఇచ్చే గ్రంథాల పట్టిక కూడా ఒక ఆనవాలే. ఏం వాడారో తెలుస్తుంది, ఎలా వెతికారో తెలియదు.

ఇంతకీ ఏది నిలవాలి? డ్యూయీ వర్గీకరణలో గనుల తవ్వకానికి 622, ఖనిజ శుద్ధికి 622.7. ఈ అంకె మర్చిపోతే నష్టమేమీ లేదు, ఓపాక్ చెబుతుంది. ఒకే విషయం మీది పుస్తకాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి దొరికితే అటూ ఇటూ చూడాలి అన్నది మాత్రం నిలవాలి. జరిమానా ఎంతో గోడ మీద ఉంటుంది; తెలియకపోతే లైబ్రేరియన్ని అడగడానికి జంకనక్కర్లేదు అన్నది పిల్లవాడిలో ఉండాలి. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1924లో, మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ పాఠకులను నాలుగు రకాలుగా చూశారు. అందులో కొత్తగా చేరినవాడిదే ఒక రకం. 1931లో వెలువడిన ఆయన గ్రంథాలయ శాస్త్ర అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. గంటలో అన్నీ కుక్కి చెబితే పాఠకుడి సమయం ఆదా కాదు, ఆ గంట కూడా పోతుంది.

కొలిచాక చేయాల్సింది కూడా ఆ కాగితాలే చూపిస్తాయి. శోధ్‌గంగా ఎక్కువమందికి గుర్తులేదని తేలితే, దాన్ని మొదటి వారం నుంచి తీసేసి, ప్రాజెక్టు విషయం ఇచ్చిన వారంలో పెట్టవచ్చు. అప్పుడు విన్నది ఆ సాయంత్రమే వాడతారు. మొదటి వారంలో కార్డు, ఓపాక్, ఎవరిని అడగాలన్నది, ఈ మూడూ చాలు. ఇక నెల తర్వాత ఇచ్చే చీటీ ఉందే, అది కొలిచే పనితో ఆగదు. పుస్తకం మూసి రాసినవారికి వారం తర్వాత ఎక్కువ నిలిచినట్టే, ఆ చీటీ పట్టుకుని వెతికిన పిల్లలకు వెతకడం మరింత పట్టుబడుతుంది. కాబట్టి దిద్దడానికి మనుషులు చాలకపోయినా, చీటీ ఇవ్వడం మాత్రం మానకూడదు.