ఓట్స్ ప్యాకెట్ పక్కన పెట్టి కొర్ర అంబలితో పండ్ల స్మూతీ

ఈసారి కషాయం కాదు, ఘనజీవామృతం కాదు, మిక్సీ జార్ గురించి. పైన వీడియో చూసి కొంతమంది నవ్వుకుంటారని తెలుసు. "మిరప కోతల్లో ఈ జ్యూసుల గోలేందిరా" అని మా నాన్నే ముందు నవ్వాడు.

కోతల టైములో మన ఇళ్ళల్లో పొద్దున పూట సంగతి మీకు చెప్పక్కర్లేదు. చీకటి విడవకముందే కూలీల ఆటో వచ్చేస్తుంది. ఒక టీ తాగి చేలోకి పోతాం. టిఫిన్ అనేది పదింటికో, పదకొండింటికో. నాన్నకు షుగరు ఉంది. పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు మాత్ర వేసుకుని, టీ మాత్రం తాగి కళ్ళం దగ్గరకు పోయాడు. కాయలు తిరగేస్తూ తిరగేస్తూ ఒళ్ళంతా చెమటలు పట్టి పట్టా మీదే కూలబడ్డాడు. పక్కనున్న కూలీ అక్క పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నాడు. డాక్టరు గారు ఒకటే అన్నారు: మాత్ర వేసుకుంటే తినాల్సిందే, చేను ఆగుతుంది, మాత్ర ఆగదు.

బెంగుళూరులో ఉండే చెల్లి వెంటనే రెండు ఓట్స్ ప్యాకెట్లు పంపించి, స్మూతీ చేసి ఇవ్వమంది. రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు, నాలుగు చెంచాల ఓట్స్, రెండు చెంచాల తేనె. మొదటి రోజు చేసింది ఎవరూ తాగలేకపోయారు. ముందు రోజు అదే జార్‌లో అమ్మ కారం పట్టింది. గుంటూరోళ్ళకి ఇది ముందే తట్టాలి కదా! ఇప్పుడు పండ్లకి వేరే జార్ పెట్టుకున్నాం. అలాగే మిరపకాయలు కోసిన చేత్తో పండు కొయ్యొద్దు. నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

రెండో రోజు నుంచి బ్రహ్మాండంగా కుదిరింది. నాన్న గ్లాసు ఎత్తి తాగేసి చేలోకి పోతున్నాడు. పది రోజుల తర్వాత, తాగిన రెండు గంటలకు వేలు గుచ్చి చూస్తే 256. నాకు నోట మాట రాలేదు. ఆరోగ్యం కోసమని ఇచ్చింది ఇట్లా చేసిందేమిటి?

కూర్చుని లెక్క వేస్తే తప్పు ఓట్స్‌ది కాదు, నాది. రెండు పండిన అరటిపండ్లు, పైన తేనె, అన్నీ మెత్తగా రుబ్బి, నమిలే పని లేకుండా ఒక్క గుక్కలో లోపలికి. తేనె మన చెట్టు మీదదైనా షుగరు మీటరుకు ఆ తేడా తెలియదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్ట్రాల్ తగ్గించడానికి సాయపడుతుందని 1997లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఒప్పుకుంది. నాలుగు చెంచాలతో అంత రాదు. వచ్చిన కాస్తని తేనె మింగేసింది.

మరి ఓట్స్ ఎందుకు మానేశాను అంటే, అది చలి ప్రాంతాల పంట, మన నల్లరేగడికి సంబంధం లేనిది. ఇంట్లో బస్తాల్లో కొర్రలు పెట్టుకుని ప్యాకెట్ కోసం ఎదురుచూడటం నాకే సిగ్గనిపించింది. మన ప్రకాశం వైపు తొలకరికి కొర్ర వేసి, కోశాక అదే చేలో శనగ పెట్టే రైతులు ఉన్నారు కదా. నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది లాంటి రకాలు 75 రోజుల అటూ ఇటూ కోతకొస్తాయి. వానలకు ముందు నవధాన్యాలు చల్లేవాళ్ళకి కొర్ర ఎలాగూ కొత్త కాదు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో 100 గ్రాముల కొర్రల్లో మాంసకృత్తులు 12.3 గ్రాములు, పీచు 8 గ్రాములు. పిండి పదార్థం మాత్రం 60 గ్రాముల పైనే. అందుకే కొర్ర తింటే షుగరు పోతుందని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్ళ మాట విని మాత్రలు ఆపొద్దు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఓట్స్ మిల్లులోనే ఆవిరి పట్టి నొక్కి వస్తాయి, కాబట్టి నానబెట్టి మిక్సీలో వేస్తే సరిపోతుంది. కొర్ర పచ్చిది. నాకు ఆ తెలివి లేక పచ్చి కొర్రపిండి పాలల్లో కలిపి తిప్పాను. ఇసుక తాగినట్టుంది, సాయంత్రం దాకా కడుపుబ్బరం. నాయనమ్మ విని, "అంబలి కాచుకోరా, దానికింత తిప్పలెందుకు" అంది.

అంతే, దారి దొరికింది. ఇద్దరికి చెబుతున్నాను. పాలిష్ పట్టని కొర్రబియ్యాన్ని రవ్వగా విసరండి, పిండి చేయొద్దు. నాలుగు చెంచాల రవ్వ, అంటే 40 గ్రాముల లెక్క, సాయంత్రం రెండు గంటలు నానబెట్టాలి. దానికి పదింతలు నీళ్ళు పోసి సన్నని సెగ మీద రవ్వ బాగా ఉడికేదాకా కాయాలి. చల్లారాక మట్టికుండలో పోసి పల్చటి బట్ట కట్టి రాత్రంతా ఉంచితే పొద్దునకి కొద్దిగా పులుస్తుంది. డాక్టర్ ఖాదర్ వలి గారి వల్ల ఈ అంబలి మళ్ళీ చాలా ఇళ్ళల్లోకి వచ్చింది. ఏప్రిల్ ఎండల్లో తొందరగా పులుస్తుంది, వాసన తేడాగా ఉంటే పారబోయండి.

పొద్దున ఆ అంబలిలో అర గ్లాసు మజ్జిగ, రాత్రి నానబెట్టిన వేరుశనగ గుళ్ళు పదిహేను, చిటికెడు ఉప్పు, ఒక జామకాయ వేసి తిప్పాలి. జామ గింజలు పంటికి తగులుతాయి కాబట్టి దాన్ని ముందు విడిగా తిప్పి వడకట్టుకోండి. బెల్లం, తేనె వద్దు. షుగరు లేని పిల్లలకైతే సగం అరటిపండు కలపొచ్చు. గట్టు మీద బొప్పాయి ఉంటే అదీ బాగుంటుంది. బొప్పాయిని పాలతో మాత్రం తిప్పి ఉంచొద్దు, అందులోని పపైన్ పాలను విరగ్గొట్టి చేదు చేస్తుంది. సజ్జలతోనూ చేశాం, రుచి ఎక్కువే. సజ్జపిండిలో నూనె ఎక్కువ కాబట్టి వారానికే కనురు వాసన వస్తుంది. కావలసినప్పుడే పట్టించుకోండి.

నాన్న గ్లాసు తాగి, పైన నాలుగు ఉడికిన శనగలు నములుతాడు. ఇప్పుడు రెండు గంటల రీడింగు 170, 180 మధ్య తిరుగుతోంది. ఇది ఒక్క మనిషి లెక్క, మాత్రలు కూడా వేసుకుంటూనే ఉన్నాడు. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళకి ఇచ్చేముందు డాక్టరుకు చెప్పి, మీటరుతో మీరే చూసుకోండి.

ఇంక నా వ్యాపార బుద్ధి ఊరుకుంటుందా? ముప్పై సీసాల్లో పోసి ఆదివారం సంతకు తీసుకెళ్ళాను. పులుపు ఆగదు కదా, ఎండకి కారులోనే రెండు మూతలు టప్పున లేచిపోయాయి. సీటు కవర్లు కడిగించడానికి లాభం కంటే ఎక్కువ అయ్యింది. ఐస్ పెట్టె లేకుండా అంబలి అమ్మొద్దు. ఇప్పుడు నేను కొర్ర రవ్వ అరకిలో ప్యాకెట్లే ఇస్తున్నాను. మీరు కూడా అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ముందు చేయించుకోండి.

కోతల రోజుల్లో కూలీలకి కూడా పెద్ద కుండతో పెడుతున్నాం, పండు లేకుండా, ఉల్లిపాయ నంజుకుని. వాళ్ళకి స్మూతీ వద్దంట, అంబలే కావాలంట. రవ్వ పట్టించే చిన్న మిల్లు, పొట్టు తీసే జల్లెడ సైజులు వచ్చే వీడియోలో చూపిస్తాను.