పేరులేని పాటల పెట్టె

గ్రామఫోను అనగానే మనకు ఇత్తడి బాకా, దాని ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ గుర్తుకొస్తాయి. కాని బాకా బయటికి కనిపించని గ్రామఫోను మరొకటుంది. మూత వేస్తే అచ్చం చిన్న సూట్‌కేసు. కరెంటు అక్కర్లేదు. పక్క రంధ్రంలో హ్యాండిల్ బిగించి కీ ఇస్తే పాడుతుంది. ఇంగ్లండులో డెక్కా పేరుతో 1914లో వచ్చిన ఇలాంటి పెట్టె మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల వెంట కందకాల దాకా వెళ్లింది. బాకా లేదనుకునేరు! ఉంది, పెట్టె లోపలే మడతలు పడి దాక్కుని ఉంటుంది.

హిమాయత్‌నగర్‌లో మా మేనత్తగారి పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. అటక ఖాళీ చేస్తుంటే అలాంటి పెట్టె ఒకటి బయటపడింది. పాత సామాన్లు కొనే అతను దాన్ని తూకానికి అడిగాడు. "పేరేదీ లేదు కదా సార్, కంపెనీ సరుకు కాదు" అన్నాడు. మా అత్తకు మాత్రం ధరతో పని లేదు. "దాన్తో ఉన్న పద్యాల ప్లేట్లు ఒక్కసారి వినిపించరా, చాలు" అంది. ఆ పని మీద నేను నేర్చుకున్నది తోటి విద్యార్థులకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. పేరు లేనంత మాత్రాన నాసిరకం అనుకోకూడదు. ఆ రోజుల్లో అన్నీ తామే తయారుచేసుకునే పెద్ద కంపెనీలు కొన్నే. మిగతావాళ్లు మోటారు ఒకచోట, సౌండ్ బాక్సు ఇంకోచోట కొని, పెట్టెలో బిగించి అమ్మేవారు. స్విట్జర్లాండులో సాంత్-క్రువా అనే చిన్న ఊరు ఇలాంటి మోటార్లకు ప్రసిద్ధి. థోరెన్స్, పయార్ కంపెనీలు అక్కడివే. కాబట్టి పెట్టె మీద పేరు వెతక్కండి, మోటారు మీద వెతకండి. పళ్లెం ఎత్తి, పలక మరలు విప్పి తిరగేస్తే ఏదో ఒక ముద్ర కనబడవచ్చు. "డి.ఆర్.జి.ఎం." అని ఉంటే జర్మనీలో నమోదైన భాగం. "ఎస్.జి.డి.జి." అని ఉంటే ఫ్రెంచి పేటెంటు, ప్రభుత్వం దీనికి పూచీ కాదు అని దాని అర్థం! మా పెట్టె మోటారు మీద "మేడ్ ఇన్ స్విట్జర్లాండ్" అని చిన్న అక్షరాలున్నాయి.

సౌండ్ బాక్సు రెండో సాక్షి. అందులోని పల్చని బిళ్ల అభ్రకానిదైతే పాత పద్ధతి. అల్యూమినియందైతే 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చిన తరువాతిది కావడానికే అవకాశం ఎక్కువ. అయితే సౌండ్ బాక్సులు మారుస్తూ ఉండేవారు గనుక దీని సాక్ష్యం ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

ఇక మరమ్మత్తు. దీనికి ప్రాణం స్ప్రింగు. మీటర్ల పొడవున్న ఉక్కు పట్టీని డబ్బాలో చుట్టి కుక్కుతారు. కీ పూర్తిగా దిగిపోయాక కూడా డబ్బాలో అది బిగుతుగానే ఉంటుంది. అనుభవం లేనివాళ్లు మూత ఊడదీస్తే కత్తిలా ఎగిరి వేళ్లు కోస్తుంది. కనుక డబ్బా జోలికి మాత్రం ఒంటరిగా పోవద్దు. అబిడ్స్, నాంపల్లి వైపు పాత గోడ గడియారాలు బాగుచేసే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

రోగాన్ని లక్షణాలే చెబుతాయి. హ్యాండిల్ ఎంత తిప్పినా బరువు తగలకపోతే స్ప్రింగు తెగిందన్నమాట, లేదా కొక్కెం జారిందన్నమాట. పాట మధ్యలో దబ్బుదబ్బుమని కుదిపితే లోపలి గ్రీజు గట్టిపడింది. తెగింది చివర్లోనైతే ఆ కొసను మాత్రం ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లార్చి, కొత్త బెజ్జం వేయవచ్చు. కాల్చినచోట ఉక్కు బిరుసు పోతుంది కాబట్టి మధ్యలో తెగినదానికి ఈ వైద్యం పనికిరాదు. వెడల్పు, మందం, పొడవు కొలిచి కొత్తది తెప్పించుకోవాలి.

మాది తెగలేదు, గ్రీజే మైనంలా బిగిసింది. కిరసనాయిలుతో కడిగి, శుభ్రంగా తుడిచి, గ్రాఫైటు కలిపిన గ్రీజు పట్టించాం. మిగతా ఇరుసులకు కుట్టుమిషను నూనె చుక్క చాలు. వంటింటి నూనె వద్దు, అది జిగురవుతుంది. కొబ్బరినూనె అసలే వద్దు; దాదాపు 24 డిగ్రీలకే పేరుకుంటుంది, మన డిసెంబరు చలికి మోటారు కూడా పేరుకుంటుంది!

వేగాన్ని అదుపు చేసేది గవర్నరు. పల్చటి పట్టీల మీద మూడు గుండ్లు గిర్రున తిరుగుతాయి. వేగం పెరిగితే గుండ్లు దూరంగా జరిగి, ఒక బిళ్లను లాగి మెత్త మీద ఒరిపిస్తాయి, వేగం తగ్గుతుంది. ఆ మెత్త ఎండిపోతే రాగం వణుకుతుంది. ఒక్క చుక్క నూనె దానికి మందు. తరువాత పళ్లెం మీద కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టండి. ముల్లు రికార్డు మీద ఉండగా 20 సెకండ్లకు 26 చుట్లు వస్తే నిమిషానికి 78, సరిగ్గా సరిపోయింది.

పీలగా, గరగరగా పాడితే సౌండ్ బాక్సులోని రబ్బరు రాయైపోయిందన్నమాట. సైకిలు వాల్వు ట్యూబు ముక్క సన్నంగా ఉంటే ఆ పని చేస్తుంది. వెనక బిళ్ల జింకు మిశ్రమానిదైతే మరలు మెల్లగా తిప్పండి, పాతబడి పెళుసెక్కి ఉంటుంది.

అసలు జాగ్రత్త రికార్డు విషయంలో. పాత రికార్డు లక్క, రాతిపొడి కలిపి పోసినది. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపడేలా చేస్తుంది. అరిగిన ముల్లుతో రెండో వైపు వేస్తే అదే గాడిని చెక్కేస్తుంది. అందుకే వైపుకొక ముల్లు. స్పిరిటుతో తుడవకండి, లక్క కరుగుతుంది. తరువాతి కాలపు వినైల్ రికార్డును ఈ బరువు కింద పెట్టడం దాన్ని చంపడమే. మన దేశంలో 78 రికార్డులు 1960లలో కూడా వచ్చాయి, బీటిల్స్ పాటలతో సహా. కనుక కొత్త పాట అయినంత మాత్రాన కొత్త రకం రికార్డు అనుకోవద్దు, పట్టుకుని చూడండి. ఇంకో మాట: మంచి ముల్లయినా ప్రతిసారీ కొంత అరగదీస్తుంది. మేము పద్యాలను మా అత్తకు వినిపించే ముందు తేలికపాటి పికప్ ఉన్న యంత్రం మీద ఒకసారి వేసి భద్రపరిచాం.

ఇప్పుడు బజార్లలో పాత పేర్లు, కొత్త ఇత్తడి బాకాలు తగిలించిన నకిలీ గ్రామఫోన్లు విరివిగా అమ్ముతున్నారు. వాటి మధ్య మన పెట్టెకూ కుక్క బొమ్మ అతికిద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. అబద్ధపు పేరుకంటే పేరు లేకపోవడమే నయం. సెలవులకు ఊరెళ్లినప్పుడు అటక ఒకసారి చూడండి. పెట్టె దొరికితే కీ ఇవ్వకండి, ముందు మోటారు చూడండి. పక్కన రికార్డులుంటే నిలువుగా నిలబెట్టండి. ఎండ తగలనివ్వకండి, లక్క మెత్తబడి ఒంగిపోతుంది. పాత సామాన్లవాడు వచ్చేలోగా ఆ కాస్త పని చేస్తే, ఇంకెక్కడా దొరకని గొంతు ఒకటి మిగిలిపోవచ్చు.