ఊరిపేరు, భూమిలెక్క: ఐర్లండులో పూర్వుల జాడ



తన పూర్వు లెవరో, వారే యూరివారో తెలిసికొనవలెనన్న కోరిక మానవునకు సహజమైనది. పుట్టిన యూరిలోనే పెరిగి పెద్దయైన వానికి ఈ ప్రశ్న కష్టము కాదు. తాతలు దున్నిన చేను కన్నులయెదుటనే యుండును. సముద్రములు దాటిపోయిన వారి సంతతికి మాత్రము ఇది మిక్కిలి చిక్కు ప్రశ్న. ఈ చిక్కును ఐర్లండు దేశపు సంతతివారు ఎట్లు విడదీసికొనుచున్నారో నేడు మనవి చేసెదను.

1845లో ఐర్లండున బంగాళాదుంప పైరునకు తెగులు సోకెను. పేదలకు అదియే ముఖ్యాహారము. 1852 వరకు సాగిన ఆ మహాక్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు దేశమును విడిచిపోయిరి. 1841లో 81 లక్షలకు పైగా నుండిన జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు దిగెను. అట్లు పోయినవారి సంతతి నేడు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములలో నున్నది. వారిలో పెక్కుమందికి తమ పూర్వునిగూర్చి తెలిసినది ఒక్క పేరు మాత్రమే: జాన్ సలివన్ అనియో, మేరీ మర్ఫీ అనియో. అట్టి పేరుగలవారు ఐర్లండున లెక్కకు మిక్కిలి. పెద్దకొడుకునకు తండ్రితండ్రి పేరును, రెండవవానికి తల్లితండ్రి పేరును పెట్టుట ఆ దేశపు వాడుక. ఒక తాతకు నలుగురు కొడుకులున్నచో నాలుగిండ్లలోను అదే పేరుగల మనుమలు పెరుగుదురు. తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము మనకును గలదు గనుక ఈ చిక్కు మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కావున మనిషిపేరు చాలదు, ఊరిపేరు కావలెను. ఈ యన్వేషణమున కంతటికిని అదియే తాళపుచెవి.

జనాభా లెక్కలను వెదకరాదా యని మీరడుగవచ్చును. 1922 జూన్ 30వ తేదీన, అంతర్యుద్ధము జరుగుచుండగా, డబ్లిను నగరమున ఫోర్ కోర్ట్స్ అను న్యాయస్థానముల ఆవరణలోని ప్రభుత్వ దస్తరఖానా గొప్ప పేలుడు సంభవించి దగ్ధమయ్యెను. 1821 మొదలు 1851 వరకు పదేండ్లకొకసారి వ్రాసిన నాలుగు జనాభా లెక్కలలో కొన్ని తునుకలు తప్ప తక్కినవన్నియు బూడిదయ్యెను. 1861, 1871 లెక్కలను ప్రభుత్వమే అంతకు పూర్వము నాశనము చేయించియుండెను. 1881, 1891 లెక్కల కాగితములను మొదటి ప్రపంచయుద్ధ కాలమున గుజ్జుచేసివేసిరి. దేశమంతటికిని పూర్తిగా మిగిలిన లెక్కలలో మొదటిది 1901 నాటిది. క్షామకాలమున ఓడ యెక్కినవాని పేరు దానిలో ఉండదుగదా! అగ్నిపాలైన దస్తరముల ప్రతులను పలుచోట్లనుండి సేకరించి, నూరేండ్లు నిండిన సందర్భమున 2022లో ప్రజలకు అందుబాటులో నుంచిరి. అది మెచ్చదగిన పని. అయినను పోయినదంతయు తిరిగి రాలేదు. అందుచేతనే, పన్ను వేయుటకై వ్రాసిన రెండు భూమిలెక్కలు నేడు పేదవాని వంశచరిత్రకు ఆధారములైనవి. వానిని గూర్చి చెప్పుటకు ముందు ఆ దేశపు గ్రామవిభాగమును తెలుపవలెను.

ఐర్లండు దీవిలో 32 కౌంటీలు గలవు. కౌంటీని బారొనీలుగను, పారిషులుగను విభజించిరి. అన్నిటికంటె చిన్న విభాగము టౌన్‌లాండు. పేరులో టౌను అని యున్నను అది పట్టణము కాదు. కొన్ని పొలములు, కొన్ని యిండ్లు, ఒక బీడు, ఒక బురదనేల, ఇంతయే. ఇట్టివి దేశమున అరువదివేలకు పైగా నున్నవి. సగటున ఒక్కొక్కటి సుమారు 325 ఎకరములు; కాని ఎకరమునకు లోపైనవియు, వేల ఎకరములు గలవియు లేకపోలేదు. ఐరిషు పల్లెటూరివానిని నీవేయూరివాడవని యడిగిన అతడు చెప్పునది టౌన్‌లాండు పేరే. 1861లో ప్రభుత్వము వీనియన్నిటి అకారాది పట్టికను అచ్చువేయించెను. ఏ పేరుగల టౌన్‌లాండు ఏ కౌంటీలో, ఏ బారొనీలో, ఏ పారిషులో నున్నదో దానివలన తెలియును.

ఈ పేర్లలో అధికభాగము ఐరిషు భాషనుండి వచ్చినవి. కాని ఇప్పుడు వానిని ఆంగ్లాక్షరములలో, ఆంగ్లేయుల చెవికి వినబడిన తీరున వ్రాయుచున్నారు. 'బాలి' అనగా నివాసస్థానము. 'నాక్' అనగా కొండ. 'డ్రమ్' అనగా మిట్ట. 'డెర్రీ' అనగా ఓకుచెట్ల తోపు. 'లిస్', 'రాత్' అనగా మట్టిగోడ చుట్టిన పాతకాలపు కోట. చివర 'మోర్' అని యున్న పెద్దదనియు, 'బెగ్' అని యున్న చిన్నదనియు అర్థము. 'బాలి' అను మాట తరువాత పలుచోట్ల ఒక వంశపు పేరు వచ్చును. అనగా ఆ యూరిపేరే పూర్వమచట నివసించినవారి నామమును దాచియుంచినది. అర్థము చెప్పుటలో తొందర పనికిరాదు. ఐరిషు భాషలో చర్చికి ఒక మాట, అడవికి వేరొక మాట కలవు. ఆంగ్లాక్షరములలో రెండును 'కిల్' అయినవి. కిల్‌డేర్ అనగా ఓకువృక్షపు చర్చి. వేరొక 'కిల్' అడవియో చర్చియో పాత ఐరిషు రూపమును చూచినగాని చెప్పరాదు.

ఆ పాత రూపములు మనకు మిగులుటకు ఒక పండితుని శ్రమయు, పేరులేని వేలకొలది పల్లెటూరి వృద్ధుల జ్ఞాపకశక్తియు కారణము. 1824లో థామస్ కోల్బీ అను సేనాధికారి నాయకత్వమున ఐర్లండు సర్వే ప్రారంభమయ్యెను. భూమిపన్నును న్యాయముగా పంచుటకై, మైలునకు ఆరంగుళముల చొప్పున దేశమంతయు పటములు గీచిరి. పటముపై ఊరిపేరును ఏ వర్ణక్రమముతో వ్రాయవలెనన్నది సమస్య. 1830లో ఈ పనికి కుదిరిన జాన్ ఓడొనవన్ అను విద్వాంసుడు కౌంటీ వెంబడి కౌంటీ తిరిగి, వృద్ధులచే పేరు పలికించి విని, పాత గ్రంథములతో సరిచూచి, నామపుస్తకములలో చేర్చెను. పటముపై నిలిచినది ఆంగ్లరూపము. అసలు పేరు ఆ పుస్తకములలో నిలిచినది. ఈ సర్వేకును మన దేశపు సర్వేకును చుట్టరికము కలదు. జార్జి ఎవరెస్టు 1829లో ఐర్లండు సర్వేను చూచి, కోల్బీ చేయించిన కొలతకడ్డీల వంటివానిని ఇండియాకు తెచ్చెను; నాటి నిజాము రాజ్యములోని బీదరువద్ద 1841లో ఆధారరేఖను కొలిచినది అట్టి కడ్డీలతోనే.

ఇక భూమిలెక్కలు. మొదటిది దశమభాగపు లెక్క. ఐర్లండు ప్రజలలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. అయినను ప్రభుత్వ చర్చియైన ప్రొటెస్టంటు సంఘమునకు పంటనుండి భాగము చెల్లింపవలసినవారైరి. దానిని ధనరూపమున నిర్ణయించుటకై 1823 మొదలు 1837 వరకు పారిషు పారిషునకు పుస్తకములు వ్రాసిరి. టౌన్‌లాండు పేరు, సాగుదారు పేరు, భూమి విస్తీర్ణము, చెల్లింపవలసిన మొత్తము వానిలో నుండును. ఈ పన్ను ప్రజలకు ఎంత యసహ్యమైనదనగా 1831 ప్రాంతమున దానిపై తిరుగుబాటే జరిగెను. తాతలు ద్వేషించిన ఆ పుస్తకమునే నేడు మునిమనుమలు కండ్లకద్దుకొని చదువుచున్నారు.

రెండవది రిచ్చర్డు గ్రిఫిత్తు చేయించిన భూమి విలువల లెక్క. ఇది 1847 మొదలు 1864 వరకు కౌంటీల వరుసను అచ్చయ్యెను. ఇందులో ప్రతి టౌన్‌లాండునకును సాగుదారు పేరు, అతనికి భూమి నిచ్చినవాని పేరు, ఇల్లున్నదా, కొట్టమున్నదా, భూమి యెంత, దాని సాలుసరి విలువ యెంత యను వివరములు గలవు. ప్రతి పేరునకును ఒక సంఖ్య యుండును; ఆ సంఖ్య పటముపైని పొలమునకు సరిపోవును. అందుచేత నూటడెబ్బదియేండ్ల క్రిందటి కౌలుదారుడు ఏ చెలకలో, ఏ కాలువప్రక్క నుండెనో నేటికిని వ్రేలుపెట్టి చూపవచ్చును. ఒకే యూరిలో ఒకే పేరువారు ఇద్దరున్నచో తండ్రిపేరో, జుట్టు రంగునుబట్టి వచ్చిన మారుపేరో ప్రక్కను చేర్చిరి. ఆ తరువాత సాగుదారు మారినప్పుడెల్ల పాతపేరును కొట్టివేసి, క్రొత్తపేరును రంగుసిరాతో వ్రాసి సంవత్సరము గుర్తించిరి. తండ్రి పోయి కొడుకు వచ్చిన యేడు దానివలన దాదాపుగా తెలియును. భూమి నిచ్చినవాని పేరు తెలిసినచో ఆ జమీందారు కుటుంబపు కౌలుపత్రములను, శిస్తుచిఠ్ఠాలను డబ్లిను, బెల్ఫాస్టు గ్రంథభాండాగారములలో వెదకవచ్చును.

వెదకు క్రమమునకు ఒక యుదాహరణము చెప్పెదను. ఒక యింటివారికి అవ్వ చెప్పిన 'నాక్‌మోర్' అను మాట తప్ప మరేమియు తెలియదనుకొనుడు. పెద్దకొండ యని దానికర్థము. అట్టి పేరు ఒక్క చోటనే యుండదు. ముందుగా 1861 నాటి పట్టికలో ఆ పేరుగల టౌన్‌లాండులన్నిటిని వ్రాసికొనవలెను. పిమ్మట వానిలో ఎన్నింట తమ వంశపు పేరు గ్రిఫిత్తు లెక్కలో నున్నదో చూడవలెను. సాధారణముగా ఒకటి రెండు మాత్రమే మిగులును. వానిని దశమభాగపు లెక్కతో పోల్చి, ఆ పిమ్మట ఆ పారిషు చర్చిలోని జననవివాహముల పుస్తకమును తెరువవలెను. ఊరు తెలియకమునుపు ఏ చర్చి తలుపు తట్టవలెనో తెలియదు, ఇప్పుడు తెలియును.

ఈ మార్గమున మూడు గోతులు కలవు. మొదటిది రేవు: పలువురి పత్రములలో క్వీన్స్‌టౌన్ అని యుండును. అది ఓడ యెక్కిన రేవేగాని సొంత యూరు కానక్కరలేదు. 1920లో దాని పేరు కోవ్ అని మార్చిరి. రెండవది మారిన పేర్లు: నాటి కింగ్స్ కౌంటీ నేటి ఆఫలీ, నాటి క్వీన్స్ కౌంటీ నేటి లీష్. మూడవది ఎకరము: ఐరిషు ఎకరము ఆంగ్ల ఎకరమునకు ఒకటిన్నరకంటె పెద్దది. దశమభాగపు లెక్కలో పలుచోట్ల ఐరిషు ఎకరములే వాడిరి. ఆ లెక్కలో పదియెకరములు గలవాడు గ్రిఫిత్తు లెక్కలో పదునారెకరములు గలవాడై కనబడిన, అతడు భూమి సంపాదించెనని పొరబడరాదు, మారినది కొలత.

ఈ లెక్కల లోపమును కూడ చెప్పవలెను. ఇవి భూమిలెక్కలు, మనుష్యుల లెక్కలు కావు. దశమభాగపు లెక్కలో భూమిలేని కూలివాడు లేడు. రెండింటను భార్యాబిడ్డల పేర్లు లేవు. స్త్రీ పేరు సామాన్యముగా వితంతువైనప్పుడే కనబడును. దశమభాగపు లెక్కలో నున్న ఒక యింటిపేరు గ్రిఫిత్తు లెక్కలో ఆ యూర మాయమైనచో, నడుమ మహాక్షామము నడచినదని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ యింటివారు మరణించిరో, ఓడ యెక్కిరో, జమీందారు వెడలగొట్టెనో లెక్క చెప్పదు. ఆ ఖాళీయే ఒక సాక్ష్యము.

ఊరు తెలిసిన వంశమునకు లాభమెట్టిదో ఒక ప్రసిద్ధ కుటుంబమువలన తెలియగలదు. పాట్రిక్ కెన్నెడీ అను రైతుబిడ్డ క్షామకాలమున వెక్స్‌ఫర్డు కౌంటీలోని డంగన్స్‌టౌన్‌ను విడిచి బోస్టను చేరెను. అతని మునిమనుమడు జాన్ కెన్నెడీ అమెరికా అధ్యక్షుడై, 1963 జూన్‌లో ఆ పొలమింటికే వచ్చి, అచట నిలిచిన బంధువులతో కూర్చుండి తేనీరు త్రాగెను. అధ్యక్షులు కాని కుటుంబములవారును ఏటేట ఇట్లే వచ్చుచున్నారు. విదేశములలోని ఐరిషువారి సమాధిశిలలపై కొన్నింట పారిషు, కౌంటీ పేర్లు చెక్కియున్నవి. కొన్నింట ఐర్లండు అని మాత్రమే యున్నది. మొదటివారి సంతతికి దారి దొరకినది. రెండవవారి సంతతిలో పెక్కుమంది ఇంకను వెదకుచున్నారు.

తెలుగుదేశమునుండియు 1860 మొదలు నటాలునకు కూలికి పోయినవారు గలరు. వారి పత్రములలోను జిల్లా, గ్రామము పేర్లు వ్రాయబడినవి. వినినది వినినట్లు వ్రాసిన ఆంగ్లాక్షరములలోనే. అట్టి కాగితము చేతబట్టుకొని ఎవరైన మీ యూరికి వచ్చి, వక్రమైన యొక పాతపేరు చెప్పి యడుగవచ్చును. నేటి పటములో లేని పాలెమును, మారిపోయిన చెరువుపేరును గుర్తింపగలవారు మీ వంటి పెద్దలే. తీరికవేళ ఆ పేర్లను ఒక కాగితముపై వ్రాసియుంచుడు.