తేలు ఆకారంలో మహల్... మీకు తెలుసా?

నిజాములు, నవాబులు, రాజులు, నాయకులు కట్టించిన మేడల ఊసెత్తితే చాలు, అంకెలు వరసకట్టి వచ్చేస్తాయి. గదులెన్ని, స్తంభాలెన్ని, దీపాలెన్ని, ఆ దీపాలు తుడిచే మనుషులెందరు! హైదరాబాదులో బయల్దేరి ఢిల్లీ, మదురై దాకా ఒక చుట్టు చుట్టి వద్దాం. నోరెళ్ళబెట్టడానికి సిద్ధమేనా?

నవాబుల దర్జా

ఫలక్‌నుమా ప్యాలెస్‌ను ఆకాశం నుంచి చూస్తే తేలులా ఉంటుంది. మీకు తెలుసా? దాన్ని కట్టించిన పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రాది వృశ్చిక రాశి కాబట్టే ఆ ఆకారం అంటారు. రాశిఫలాలు చదివేవాళ్ళు కోట్లమంది. రాశిలోనే కాపురం పెట్టింది మాత్రం ఈయనొక్కరే!

అదే మహల్లో భోజనాల బల్ల దగ్గర ఒకేసారి ఎంతమంది కూర్చోవచ్చో చెప్పగలరా? పాతిక? యాభై? కాదు, 101 మంది! 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌ హైదరాబాదు వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఈ బల్ల దగ్గరే. ఆ చివర ఉన్న ఉప్పు ఈ చివరికి చేరేసరికి భోజనం అయిపోదూ!

ఇంతకీ ఆ ఇంట్లో నవాబు ఎన్నాళ్ళున్నారో మీకు తెలుసా? 1884లో పునాది వేస్తే పూర్తవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఖర్చు తడిసి మోపెడైంది. నాలుగైదేళ్ళు తిరక్కుండానే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మనసు పడ్డారు, మహల్ చేతులు మారింది. గృహప్రవేశం సంబరం తీరకముందే ఇల్లు ఖాళీ!

నవాబుగారు దిగులుపడి కూర్చున్నారనుకుంటున్నారా? బేగంపేటలో ఇంకో మేడ కట్టేశారు! అదే పైగా ప్యాలెస్. 2008లో అమెరికా కాన్సులేట్ తెరుచుకున్నది అందులోనే. 2023లో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అక్కడ వీసా కోసం గుండె దడదడలాడించుకున్న తెలుగువాళ్ళందరూ నవాబుగారి గుమ్మం తొక్కినవాళ్ళే!

చౌమహల్లా ప్యాలెస్ ఎన్ని తరాల పని? 1750 ప్రాంతంలో అప్పటి హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెడితే అయిదో నిజాం కాలానికి, అంటే సుమారు నూరేళ్ళకు పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాలు, ఇప్పుడు మిగిలింది 12. ముప్పై మూడెకరాలు మాయం!

అక్కడి దర్బారు హాల్లో 19 బెల్జియం షాండిలియర్లు వేలాడుతున్నాయి. 1967లో ఏడో నిజాం మనవడు ముకర్రం జా వారసుడయ్యేనాటికి నిజాం కొలువులో షాండిలియర్ల దుమ్ము దులపడానికే 38 మంది ఉండేవారు, మీకు తెలుసా? పనివాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు కలిపితే మొత్తం లెక్క 14,718. అది ఇల్లు కాదు, ఒక తాలూకా!

ఒకసారి తొడిగిన బట్టలు మళ్ళీ తొడగకపోతే బీరువా ఎంత ఉండాలి? ఆరో నిజాం గురించి అలాగే చెబుతారు. పురానీ హవేలీలో ఆయన బీరువా బర్మా టేకుతో రెండంతస్తుల్లో ఉంది. పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. బట్టల బీరువాకు లిఫ్టు!

ఆయన పోయాక చౌమహల్లాలో ఆయన బూటు ముందు భాగంలో ఏం దొరికిందో మీకు తెలుసా? జాకబ్ వజ్రం! బరువు 184.75 క్యారెట్లు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 కొన్నప్పుడు ఇదీ వచ్చింది. మొత్తానికి 218 కోట్లు. ఆ కాగితాల అదృష్టమే అదృష్టం!

చౌమహల్లాలో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ చూశారా? లోపల సింహాసనం లాంటి సీటు. ఆరో నిజాం ముచ్చటపడి పురమాయించారు. బండి హైదరాబాదు చేరేలోగా ఆయన 1911లో కన్నుమూశారు. వందేళ్ళు దాటినా అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. సెకండ్ హ్యాండ్ బేరగాళ్ళు కలలో కూడా చూడని బండి!

1937 ఫిబ్రవరి 22 'టైమ్' పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ఎక్కినవారు ఏడో నిజాం. ఇన్ని మహళ్ళుండగా ఆయన ఎక్కడుండేవారో మీకు తెలుసా? కింగ్ కోఠీలో. 1967లో తుదిశ్వాస విడిచిందీ అక్కడే. ఆ ఆవరణలో ఒక భాగం ఇప్పుడు సర్కారు దవాఖానా. కుబేరుడి గడపలో చీటీ రాయించుకోవచ్చు!

నిజాం దగ్గర దివానుగా చేసిన మూడో సాలార్ జంగ్ పెళ్ళి చేసుకోలేదు. మరి ఆయన ఇల్లు దివాన్ దేవిడీ నిండా ఎవరున్నారు? బొమ్మలు, గడియారాలు, కత్తులు, పుస్తకాలు! ఆయన పోయాక 1951 డిసెంబరు 16న ఆ ఇంట్లోనే మ్యూజియం తెరుచుకుంది, నెహ్రూ ప్రారంభించారు. 1968లో సామాను కొత్త భవనానికి మారింది. తర్వాత దేవిడీని కూల్చేశారు, గేట్లు మాత్రం మిగిలాయి. వస్తువులు బతికాయి, ఇల్లే పోయింది!

దొరగారి బంగళా

కోఠీ రెసిడెన్సీకి స్థలం ఎలా దొరికిందో మీకు తెలుసా? బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి నిజాం ముందు పరిచారు. నిజాం ససేమిరా అన్నారు. ఎందుకంటే ఆయన చూసిన తన రాజ్యం పటాలు కూడా దాదాపు అంత సైజులోనే ఉండేవట! అదే ప్లాన్‌ను చిన్న అట్టముక్క మీద గీసి తెస్తే వెంటనే సరేనన్నారు. ఈ కథను ఆ కాలపు ఇంగ్లీషు అధికారులే రాసిపెట్టుకున్నారు.

ఆ దొర పెళ్ళాడింది హైదరాబాదు ఆడపడుచు ఖైరున్నిసాను. ఆమె పరదా పాటించేది, మేడ ముందువైపుకు వచ్చే వీల్లేదు. అందుకని మొత్తం మేడకు బుల్లి నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించారని చెబుతారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ళుంటారు గానీ, ఇంటికి ఇల్లే కానుక ఇచ్చినవాళ్ళున్నారా?

1857 జులై 17న ఈ బంగళా మీద ఎవరు విరుచుకుపడ్డారో మీకు తెలుసా? తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్, వాళ్ళ వెంట వందలాది రోహిల్లాలు. సిపాయిల తిరుగుబాటు అంటే మీరట్, ఝాన్సీయే కాదు, మన కోఠీ కూడా!

1949లో అక్కడికి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఆ భవనాన్ని ప్రపంచంలో ముప్పున్న నూరు కట్టడాల జాబితాలో చేర్చాక బాగుచేసే పని ఊపందుకుంది. ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. ఇంగ్లీషు దొర మేడకు దొరలను ఎదిరించిన ఐలమ్మ పేరు!

ఢిల్లీలోనూ మన జెండా

హైదరాబాదులో తేలు, మరి ఢిల్లీలో? సీతాకోకచిలుక! ఏడో నిజాం కోసం లుట్యెన్స్ 1920లలో కట్టిన హైదరాబాద్ హౌస్ ఆకారం అదే. దేశదేశాల అధినేతలతో మన ప్రధానులు చర్చలు జరిపేది, విందులిచ్చేది అక్కడే. ఊరు మనది, పేరు మనది, ఫొటోలో మాత్రం పుతిన్!

రాష్ట్రపతి భవన్‌లో గదులెన్నో మీకు తెలుసా? 340! ఇటుకలు 70 కోట్లు. ఎస్టేటు 330 ఎకరాలు. రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి... ముగ్గురు తెలుగువాళ్ళు రాష్ట్రపతులుగా ఆ ఇంట్లో ఉన్నారు. రోజుకో గది చొప్పున చూసినా దాదాపు ఏడాది పడుతుంది!

అక్కడి 15 ఎకరాల పూలతోట పేరు ఇప్పుడు అమృత్ ఉద్యాన్. మరి ఆ ఎస్టేటులో గోధుమలు పండించిందెవరో మీకు తెలుసా? గవర్నర్ జనరల్ రాజాజీ! దేశానికి తిండిగింజల కొరత వస్తే ఆయన కొంత నేలను దున్నించి గోధుమ వేయించారు. వైస్రాయ్ లాన్ మీద నాగలి!

తోటల్లో షికారు

బొల్లారం రాష్ట్రపతి నిలయం 1860లో కట్టింది, తొంభై ఎకరాల ఆవరణ. మరి భవనంలో గదులెన్ని? పదకొండే! ఇంకో వింత: వంటిల్లు వేరే చోట ఉంది, అక్కడి నుంచి భోజనశాలకు సొరంగం ఉంది. పులుసు భూగర్భంలో ప్రయాణం చేసి పళ్ళెంలోకి వస్తుంది! 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనం చూడొచ్చు.

కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడుస్తున్నారా? అయితే మీరు రాజుగారి పెరట్లో తిరుగుతున్నారు, మీకు తెలుసా? ముకర్రం జా ఒకప్పటి నివాసం చిరాన్ ప్యాలెస్ ఆ చెట్ల మధ్యే ఉంది. దాని చుట్టూ ఉన్న అడవే సుమారు 390 ఎకరాల నేషనల్ పార్క్ అయింది. నెమళ్ళు మాత్రం అద్దె కట్టకుండా అప్పటి నుంచీ అక్కడే!

1908 సెప్టెంబరు మూసీ వరదలో నూటయాభై మంది ప్రాణాలు కాపాడిందెవరు? ఒక చింతచెట్టు! అఫ్జల్ పార్కులో దాని కొమ్మలెక్కినవాళ్ళు బతికి బయటపడ్డారు. ఇప్పుడది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ ఆవరణలో ఆసుపత్రి కన్నా ముందే ప్రాణం పోసింది!

మౌలాలీలో మహ్‌లఖా బాయి చందా తన తల్లి సమాధి చుట్టూ 1792లో తోట వేయించింది. ఆమె ఉర్దూలో గొప్ప కవయిత్రి, తర్వాత తానూ అక్కడే నిద్రపోయింది. శిథిలమైన ఆ తోటను మళ్ళీ నిలబెట్టడానికి నిధులెక్కడి నుంచి వచ్చాయో మీకు తెలుసా? అమెరికా నుంచి! గజల్‌కు వీసా అక్కర్లేదు.

ఇక బషీర్‌బాగ్‌కు వెళ్తే బషీర్‌బాగ్ ప్యాలెస్ చూడొచ్చా? చూడలేరు! సర్ ఆస్మాన్ జా కట్టించిన ఆ మహల్‌ను ఎప్పుడో కూల్చేశారు. మిగిలింది బస్సు బోర్డు మీద పేరే. ఈ ఒక్క విశేషానికి మాత్రం నవ్వు రాదు.

కోటల్లో క్లాసులు

చంద్రగిరి రాజమహల్లో కర్ర ఎంత వాడారో మీకు తెలుసా? అసలు వాడలేదు! రాయి, ఇటుక, సున్నం, అంతే. దూలం లేకుండా అంతస్తులు లేపిన మేస్త్రీలకు వేయి దండాలు. చెదపురుగుకు అక్కడ పస్తులే!

మదురైలో 1636 నాటి తిరుమల నాయకుని మహల్ కట్టించింది తెలుగు నాయకరాజు. ఇప్పుడు మనం చూసేది అసలు మహల్లో నాలుగో వంతే, మీకు తెలుసా? మిగతా చాలా భాగాన్ని విప్పి తిరుచ్చికి పట్టుకెళ్ళింది స్వయానా మనవడు చొక్కనాథుడు! ఆ మిగిలిన పావు వంతుకే 1866, 1872 మధ్య మద్రాసు గవర్నర్ నేపియర్ మరమ్మతులు చేయించారు. పావు వంతే అంతుంటే, మొత్తం ఎంతుండేదో!

విజయనగరం కోటకు పునాది పడింది 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు. ఇప్పుడు అందులో ఏం వినిపిస్తుందో మీకు తెలుసా? అటెండెన్స్! కోట లోపల కాలేజీలు నడుస్తున్నాయి. పాలమూరు వైపు వనపర్తి సంస్థానం రాజభవనమైతే 1959 నుంచి పాలిటెక్నిక్. సింహాసనం పోయి బ్లాక్‌బోర్డు వచ్చింది. అందుకే పైకప్పు నిలిచింది!

కాపాడినవాళ్ళకు జేజేలు

పాత గోడకు సిమెంటు శత్రువు, మీకు తెలుసా? సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడను తినేస్తుంది. మందు ఏమిటంటే పాత డంగు సున్నమే. గానుగలో రుబ్బి, బెల్లం, కరక్కాయ, గుడ్డు తెల్లసొన కలుపుతారు. గోడకు విందు భోజనం!

చౌమహల్లా ఖిల్వత్ గడియారం రెండు వందల ఏళ్ళకు పైగా నడుస్తోందని చెబుతారు. వారం వారం దానికి కీ ఇచ్చేది గడియారాల పని తెలిసిన ఒక కుటుంబం. తండ్రి తర్వాత కొడుకు. నిజాములు ఆగిపోయారు, ముల్లు ఆగలేదు!

ముకర్రం జా సుమారు అయిదు లక్షల ఎకరాల పొలం కొని ఆస్ట్రేలియాలో గొర్రెలు పెంచుకుంటుంటే ఇక్కడ మహళ్ళకు బూజు పట్టింది. మరి వాటిని దులిపిందెవరో మీకు తెలుసా? ఆయన నుంచి విడిపోయిన భార్య ఎస్రా! ఆమె పూనికతో చౌమహల్లా బాగుపడి జనానికి తెరుచుకుంది, 2010లో యునెస్కో పురస్కారం గెలిచింది. దశాబ్దాల పాటు మూసివున్న ఫలక్‌నుమా కూడా పదేళ్ళ మరమ్మతు తర్వాత అదే ఏడాది నవంబరులో హోటలుగా తలుపులు తీసింది. ఒక్క మనిషి, రెండు మహళ్ళు!

రాజధానికే ఇవన్నీ అనుకోకండి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది, మీకు తెలుసా? ఆ కోటలో అద్దాల మేడ కూడా ఉంది. సెల్ఫీలకు కొదవే లేదు!

హైదరాబాదు వారసత్వ జాబితాలో భవనాలతో పాటు ఏం చేర్చారో ఊహించండి. బండరాళ్ళు! తొమ్మిది చోట్ల కొండరాళ్ళకు ఆ గౌరవం దక్కింది. కట్టనివాటికి కూడా కాపలా!

చివరిది, అన్నిటికన్నా నాకిష్టమైంది. ఎర్రమంజిల్‌లో నూటయాభైకి పైగా గదులున్న ఇరమ్ మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం తలపెట్టింది. అడ్డుకున్నదెవరో మీకు తెలుసా? మామూలు పౌరులు! హైకోర్టుకెళ్ళారు, సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నవాబు కట్టిన మేడను జనం గెలిచి నిలబెట్టుకున్నారు!

ఇన్ని విశేషాల్లో దాగిన రహస్యం ఒక్కటే: మనుషులు తిరిగే మేడ బతుకుతుంది, తాళం పడ్డ మేడ కూలుతుంది. కాలేజీ అయినా సరే, హోటలయినా సరే, మ్యూజియమయినా సరే, లోపల దీపం వెలగాలి, గుమ్మం ఊడవాలి, చెమ్మ పట్టిన గోడకు సున్నం పడాలి. ఇప్పుడు మీ వంతు. మీ ఊళ్ళో గడీయో, దివాణమో, పాత బంగళాయో ఉందా? అది ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో, ఇవాళ దాని తాళం ఎవరి దగ్గరుందో... మీకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారమే వెళ్ళి కనుక్కోండి!