హైదరాబాదు పోలీసుల కాలిబంతి జట్టు



చెడుగుడునకు కూత చాలును. చిర్రగోనెకు కఱ్ఱముక్కలు రెండు చాలును. కాలిబంతి యట్టి ఆట కాదు. దానికి పక్షమునకు 11 మంది చొప్పున 22 మంది ఆటగాండ్రు కావలెను, బంతి కావలెను, అన్నిటిని మించి నేల కావలెను. పెద్ద పోటీలు జరుగు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గలది. మన లెక్కలో అది సుమారు 70 గుంటలు. ఎకరమున్నర మీది నేలను దున్నక, ఇండ్లు కట్టక, పిల్లలు బంతి తన్నుటకై విడిచిపెట్టు ఊరు అరుదు. అందుచేతనే యీ ఆట మన దేశమున మొదట దండు బజారులలోను, పట్టణపు బడులలోను వేరూనినది గాని పల్లెలకు రాలేదు.

నేడు నేను చెప్పబూనినది హైదరాబాదు నగర పోలీసు జట్టు చరిత్రము. ఆ జట్టు పుట్టిననాడు మన కరీంనగరము, ఆదిలాబాదు హైదరాబాదు రాజ్యములోని జిల్లాలు. బొంబాయిలోను, ఢిల్లీలోను ఆ జట్టు గెలిచినప్పుడు పత్రికలలో అచ్చైనది మన రాజ్యపు పేరే. అయినను మన ప్రాంతమున దాని సంగతి యెఱిగినవారు మిక్కిలి తక్కువ. ఎఱుగదగినదని నా తలంపు.

సికింద్రాబాదులో ఇంగ్లీషు దండు ఉండెను. ఆ సోల్జర్లు ఆడుచుండగా చూచి నగరపు పిల్లలు నేర్చిరి. 1939 ప్రాంతమున నగర పోలీసు శాఖవారు తమకొక జట్టును నిలిపిరి. మంచి ఆటగాడు కనబడినచో అతనికి జవాను నౌకరి యిచ్చిరి. ఇది చిన్న సంగతి కాదు. ఆటగాండ్రలో పెక్కురు బీదవారు. నెలనెలకు జీతము వచ్చినగాని వారి యిండ్లలో పొయ్యి రాజదు. జీతము దొరకినందున వారు ఊరు విడువక, ఒకరి నడక నొకరు ఎఱుగునట్లు ఏండ్ల తరబడి కలిసి ఆడగలిగిరి. 1943లో బెంగుళూరున ఆష్ గోల్డ్ కప్పు అంత్య పోటీలో ఇంగ్లీషు వైమానిక సైనికుల జట్టును ఓడించినప్పుడు వీరి పేరు మొదట బయటి లోకమునకు తెలిసినది.

ఇక సయ్యద్ అబ్దుల్ రహీం గారిని గూర్చి చెప్పవలెను. ఆయన 1909లో హైదరాబాదున పుట్టిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరములోని బడులలో ఉపాధ్యాయులుగా పని చేసిరి. అందఱును ఆయనను రహీం సాబ్ అని పిలుచుచుండిరి. ఆయన బంతాట నేర్పిన తీరు బడిపంతులు ఓనమాలు దిద్దించిన తీరే. పిల్లలకు పోటీలు పెట్టుచుండిరి గాని అవి మామూలు పోటీలు కావు. ఒక పోటీలో ఎడమకాలితో మాత్రమే తన్నవలెను; ఏలయన పెక్కురకు ఆ కాలు చేతకానిది. మఱియొక పోటీలో బంతిని ఒక్కడే నడుపుకొని పోరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. కొన్నిటిలో పక్షమునకు ఐదుగురో ఏడుగురో మాత్రమే. మంది తక్కువయైనచో ప్రతివానికిని బంతి పలుమాఱులు అందును గదా! ఈ చిన్న ఆటకు 10 గుంటల నేల చాలును. పెద్దలు ఈ మాటను జ్ఞాపకముంచుకొన గోరుదును. చివర మరల దీనికి వత్తును.

అట్లు నేర్చినవారు బంతిని నేలమీదనే ఉంచి, కొద్దికొద్ది దూరములలో ఒకరికొకరు అందించుకొనుచు పోవుదురు. ఎదుటివాడు బలవంతుడైనను అతనికి బంతి చిక్కదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఈ పోలీసు జట్టే గెలిచినది. ఐదేండ్లు వరుసగా దానిని గెలిచిన జట్టు మఱియొకటి లేదు. డ్యూరాండు కప్పు ఇంతకంటెను పాతది, 1888లో సిమ్లాలో మొదలైనది. 1940 తరువాత నిలిచిపోయిన ఆ పోటీ స్వతంత్ర భారతమున 1950లో మరల జరుగగా, కలకత్తా మోహన్ బాగాన్ జట్టును ఓడించి మనవారే దానిని తెచ్చిరి. 1954లోను, 1957లోను మరల గెలిచిరి.

దేశపు జట్టును తీర్చు భారము కూడ రహీం సాబ్ మీదనే పడినది. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఇరాను నోడించి స్వర్ణ పతకము పొందిరి. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10కి 1గా ఓడిరి. మన ఆటగాండ్రలో పెక్కురు ఉత్తకాళ్ళతో ఆడిరి. నాగలి వెంట ఉత్తకాళ్ళ నడచు మనకు అది వింత గాదు. గాని చలిదేశపు తడి పచ్చికపై కాలు నిలువలేదు. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి యైనవి. 1956లో మెల్బోర్నులో, ఆ దేశపు జట్టునే 4కు 2గా ఓడించి, నాలుగవ స్థానము పొందిరి. ఒలింపిక్సులో కాలిబంతి ఉపాంత్య పోటీకి చేరిన మొదటి ఆసియా దేశము మనదే. ఆ జట్టులో నూర్ మహమ్మద్ మొదలుగా హైదరాబాదువారు పలువురు ఉండిరి.

ఆ పలువురిలో ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు చెంత అమ్ముగూడ అను ఊర బీద కుటుంబమున 1936లో పుట్టిరి. ఆ పిల్లవాని ఆట చూచి రహీం సాబ్ నగరమునకు అభ్యాసమునకు రమ్మనిరి. రాకపోకలకు పైకము లేదని పిల్లవాడు చెప్పగా, అద్దె సైకిలుకై రోజునకు ఒక రూపాయి తామే యిచ్చిరి. ఈ సంగతిని బలరాం గారే తమ వార్ధక్యమున చెప్పుకొనిరి. ఆ రూపాయి ఫలము మెల్బోర్నులో కనబడినది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2కు 1గా ఓడించి రెండవమాఱు ఆసియా స్వర్ణము గెలిచిన జట్టులోను ఆయన ఉండిరి.

అయితే బలరాం గారు అప్పటికి హైదరాబాదువారు కారు. 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాలు జట్టునకు వెడలిరి. తప్పు పట్టరాదు, అచ్చట ఆటను చూడ వేలకు వేలు జనము వత్తురు, పేరు వచ్చును, పైకమును వచ్చును. ఆయన వెంట మఱికొందఱును వెడలిరి. హైదరాబాదు పెంచినది, కలకత్తా కోసుకొన్నది.

1956లో రాజ్యము విడిపోయి ఆంధ్రప్రదేశ మేర్పడగా జట్టు పేరును ఆంధ్రప్రదేశ్ పోలీసు అని మారినది. ఆ పేరుతోనే 1960లో రోవర్స్ కప్పును, 1961లో డ్యూరాండును గెలిచిరి. రహీం సాబ్ 1963 జూన్ 11న క్యాన్సరు వ్యాధిచే గతించిరి. జకార్తాకు పోవునాటికే ఆయన వ్యాధిగ్రస్తులు. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశము 1965-66లో గెలిచినది. 2024 డిసెంబరు 31న ఆ పోటీ అంత్య ఘట్టము హైదరాబాదులోనే జరిగినది. ఆడినవి మాత్రము పశ్చిమ బెంగాలు, కేరళ.

ఇట్లేల జరిగినదని అడుగుదురు. నాకు తోచినది చెప్పెదను. జట్టు పోలీసు శాఖది, ఊరిది కాదు. శాఖలో అధికారులు మారుచుందురు. ఒకరికి ఆట యిష్టము, మఱొకరికి కవాతు యిష్టము. నేర్పు పంతులు పోయిన పిదప ఆ పనిని తమదిగా నెత్తికెత్తుకొను సంఘమేదియు లేకపోయినది.

ఇటీవలి సంగతి యింకను విచిత్రము. 2019లో ధనికులు కొందఱు హైదరాబాదు ఎఫ్.సి. అను కొత్త జట్టును నిలిపిరి. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టు నోడించి దేశపు పెద్ద లీగు కప్పును తెచ్చిరి. మూడేండ్లు తిరుగక మునుపే అప్పులు, జీతపు బకాయిల చిక్కులు వచ్చినవి, చేతులు మారినవి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. అంగడి ఎత్తివేసినంత సులభముగా ఎత్తివేసిరి.

దీనికి ప్రక్కన మఱియొక జట్టును నిలిపి చూడుడు. ఐరోపా ఖండపు ఉత్తరపు కొసన నార్వే దేశమున ట్రాన్‌హైమ్ అను పట్టణము కలదు. చలికాలమంతయు మంచే. అచ్చటి రోసెన్‌బోర్గ్ అను వాడకు చెందిన యువకులు 1917లో జట్టు కట్టిరి. ఆ జట్టు నేటికిని చందాలు కట్టు సభ్యులదే. ప్రతియేడు వారు సభ చేరి పెద్దలను ఎన్నుకొందురు. దానిని తీర్చిన నీల్స్ ఆర్నె ఎగ్గెన్ కూడ వృత్తిచే ఉపాధ్యాయుడే. 1992 మొదలు 2004 వరకు వరుసగా 13 మాఱులు వారు తమ దేశపు లీగు గెలిచిరి. 1996లో ఇటలీకి పోయి ప్రఖ్యాతమగు మిలాన్ జట్టును దాని మైదానముననే ఓడించిరి. వారికిని ఓటమి దినములు వచ్చినవి. మంచి ఆటగాండ్రు పెద్ద దేశములకు వెడలిరి. కాని జట్టు మాత్రము ఊరు విడువలేదు. దానిని అమ్ముటకు గాని తరలించుటకు గాని ఏ ఒక్క ధనికునికిని హక్కు లేదు.

మన తెలంగాణమున 2022 జూన్ 2 నుండి ఊరూర క్రీడా ప్రాంగణములు ఏర్పఱచు పని మొదలైనది. వానిలో పెక్కు ఎకరమునకు మించవు. పెద్ద మైదానమునకు చాలవు. అందుచేత కాలిబంతి మనకు కాదని కొందఱందురు. రహీం సాబ్ ఐదుగురి ఆటకు 10 గుంటలు చాలునని ముందే మనవి చేసితిని. రెండు ప్రక్కల రెండేసి కొయ్యలు పాతి, ముండ్లు ఏరి, బడి పంతులు సాయంకాలము ఒక గడియ నిలిచిన చాలును. ఆ ప్రాంగణమును ఎవరు చూచుకొనవలె నన్న ప్రశ్న మాత్రము మీ గ్రామసభలో తేలవలసినది.

మన పొరుగున నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య అను బాలిక ఈ ఆట నేర్చి, దేశపు స్త్రీల జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు జట్టునకు కూడ పోయినది. తరువాత ఆమె చేరినది, బలరాం గారు చేరిన కలకత్తా ఈస్ట్ బెంగాలుననే.