జోరునీటి కెనూ: కొనేముందు పరీక్ష

రాళ్ల మధ్య పొంగి దూకే నీటి కోసం చేసిన కెనూ పొట్టిగా ఉంటుంది. రెండు కొసలూ పైకి వంగి, అడుగు గుండ్రంగా ఉంటుంది. నడిపేవారు మోకాళ్ల మీద కూర్చుని, ఒకే రెక్క ఉన్న తెడ్డు వేస్తారు. కాళ్లు చాపుకుని, రెండు రెక్కల తెడ్డుతో నడిపేది కయాక్. జోరునీటిలో ఈ పడవల పోటీలు ఒలింపిక్స్‌లోకి 1972 మ్యూనిక్ క్రీడలతో మొదటిసారి వచ్చాయి, 1992 బార్సిలోనాలో మళ్లీ చోటు సంపాదించుకున్నాయి.

ఇలాంటి కెనూలో మొదటిసారి కూర్చున్నవారికి అది ఊగిసలాడి భయపెడుతుంది. అదే అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ సరస్సులో, రెండు తాటి బోదెలను తొలిచి పక్కపక్కన కట్టిన దోనె ఎక్కితే ధైర్యంగా ఉంటుంది. కారణం వెడల్పు. కాస్త ఒరిగిన పడవను తిరిగి నిలబెట్టే గుణంలో ఆకారం నుంచి వచ్చే భాగం, నీటిమట్టం దగ్గరి వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే అది 8 రెట్లు అవుతుంది; పదో వంతు పెరిగినా దాదాపు మూడో వంతు ఎక్కువవుతుంది. ఆవ నీటికి ఆ జంట దోనె చక్కగా సరిపోయిన పనితనం.

అయితే ఆ నిలకడ నీటి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే నిలకడ. నిలవ నీటిలో ఉపరితలం చదునుగా ఉంటుంది కాబట్టి పడవా చదునుగా ఉంటుంది. అల పక్కగా వచ్చినప్పుడు నీరే వాలుతుంది, వెడల్పాటి చదును అడుగు కూడా దానితోపాటు వాలి మనిషిని విసిరేస్తుంది. గుండ్రని అడుగు అల వాలుకు అంతగా లొంగదు. మనిషి నడుము తిప్పి దాన్ని నిటారుగా నిలుపుకోగలడు. మోకాళ్ల మీద కూర్చోవడం వల్ల శరీర గరిమనాభి ఎత్తైన ఆసనం మీద కంటే కిందికి దిగుతుంది, పడవ మీద పట్టూ పెరుగుతుంది.

కాబట్టి ఎక్కగానే కదలకుండా ఉన్నదా అన్నది కొనుగోలుకు కొలమానం కాదు. ఒడ్డు దగ్గర, నడుము లోతు నిలవ నీటిలో, తోడు ఒకరిని నిలబెట్టుకుని పడవను క్రమంగా ఒక పక్కకు ఒరిగించాలి. కొంత ఒరిగాక పక్కగోడ నీటిలో దిగి ఎదురు నెట్టడం చేతికి, మోకాలికి తెలియాలి. ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పల్టీ కొట్టే పడవను వదిలేయడమే మంచిది. తర్వాత వేగంగా తెడ్డు వేసి ఆపేయాలి. కొసలు బాగా వంగిన పడవ వెంటనే పక్కకు తిరుగుతుంది. రాళ్ల మధ్య అది వరం, నిలవ నీటిలో నేరుగా వెళ్లాలనుకునేవారికి చికాకు.

మూడో పరీక్షను చాలామంది వదిలేస్తారు, అసలు అవసరమైనది అదే. పడవను నీటితో నింపి చూడాలి. లీటరు నీరు ఒక కిలో. 200 లీటర్లు చేరితే 200 కిలోల బరువు రాళ్ల వైపు కొట్టుకుపోతున్నట్టే. రెండు కొసల్లో గాలి సంచులు ఎంత చోటు ఆక్రమిస్తే అంత నీరు లోపలికి రాదు. తొడలను బిగించే పట్టీలు ఉంటే, బోల్తా పడ్డ స్థితిలో ఒక్క లాగుతో ఊడిపోతాయో లేదో అక్కడే తేల్చుకోవాలి. పరీక్షించే మనిషి తన బరువుతో, తన సామానుతో ఎక్కాలి. అమ్మేవాడి బరువుకు పడవ మునిగే లోతు వేరు, కొనేవాడి బరువుకు వేరు.

ఇక పరీక్షించే చోటు సంగతి. అనకాపల్లి జిల్లాలోనే కోటవురట్ల ప్రాంతంలో వరాహ నది వానల మీద ఆధారపడింది. వరద తగ్గితే లోతు చాలదు, పొంగినప్పుడు కొత్తవారికి అది పరీక్షా స్థలం కాదు. అనుమతి ఉన్న చెరువులో మొదటి పరీక్షలు ముగించి, ప్రవాహంలో పరీక్షను శిక్షకులున్న చోటికి వాయిదా వేయాలి. లైఫ్‌జాకెట్, శిరస్త్రాణం లేకుండా ప్రవాహంలో పరీక్షకు ఒప్పుకునే అమ్మకందారు దగ్గర కెనూ కొనవద్దు.