నిరోధం సున్నా కావడం సగం కథే

అతివాహకత గురించి చెప్పేవాళ్లు సాధారణంగా 1911తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓనెస్ బృందం పాదరసాన్ని ద్రవ హీలియంతో దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే, దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. గొప్ప సంగతే, సందేహం లేదు. కానీ అతివాహకం అంటే ఏమిటో తేల్చింది నిరోధం కాదు, అయస్కాంత క్షేత్రం. దాని తొలి జాడ ఓనెస్‌కు ఆశాభంగంగా ఎదురైంది. నిరోధం లేని తీగను చుట్టచుట్టి లక్ష గౌస్‌ల క్షేత్రాన్నిచ్చే అయస్కాంతం తయారుచేయాలని ఆయన కలగన్నారు. తీరా చూస్తే కొన్ని వందల గౌస్‌లకే, మరో అతివాహకమైన సీసంలో అతివాహకత చచ్చిపోయి, నిరోధం తిరిగొచ్చింది.

అయినా చాలా ఏళ్లపాటు అతివాహకాన్ని లోపమే లేని తీగగానే చూశారు. ఆ లెక్కన క్షేత్రంలో ఉంచి చల్లబరిస్తే, లోపల ఉన్న క్షేత్రం అలాగే చిక్కుకుపోవాలి. 1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ దీన్ని పరీక్షించారు. రెండు తగరపు కడ్డీలను పక్కపక్కన పెట్టి, క్షేత్రంలోనే చల్లబరిచి, వాటి మధ్య సందులో క్షేత్రాన్ని కొలిచారు. అతివాహకతలోకి రాగానే అక్కడ క్షేత్రం పెరిగింది. అంటే కడ్డీలు తమలోని క్షేత్రాన్ని బయటికి నెట్టేశాయన్నమాట! నిరోధం సున్నా అయినా ఇదే జరుగుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. జరగదు. ముందు చల్లబరిచి తర్వాత అయస్కాంతం తెస్తే, సున్నా నిరోధం దాన్ని లోపలికి రానివ్వదు, నిజమే. అప్పటికే లోపలున్న క్షేత్రాన్ని వెళ్లగొట్టే శక్తి మాత్రం దానికి లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదానితో నిమిత్తం లేకుండా ఫలితం ఒకటే కాబట్టి, అతివాహకత పదార్థానికి ఒక ప్రత్యేక స్థితి అని రుజువైంది.

మనకు అక్కరకొచ్చేది సున్నా నిరోధమే కదా, ఈ చర్చ ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. ఆ సున్నాను ఎంత క్షేత్రం దాకా నిలుపుకోగలమన్నదే అసలు చిక్కు. సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్‌లో షుబ్నికోవ్ బృందం, కొన్ని మిశ్రమలోహాలు క్షేత్రాన్ని కొంత లోపలికి రానిస్తూనే అతివాహకాలుగా నిలుస్తాయని 1930లలో చూపింది. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో నియోబియం-తగరం సమ్మేళనం 88 వేల గౌస్‌లలో కూడా అతివాహకంగా నిలిచి భారీ కరెంటును మోసింది. నేడు ఆస్పత్రుల్లోని ఎక్కువ ఎంఆర్ఐ యంత్రాల్లో పనిచేస్తున్నవి ఇదే కోవకు చెందిన నియోబియం-టైటానియం తీగచుట్టలు.